జట్టు మారితే ఆట మారదా?

సంపాదకులకు నమస్కారం.

పోయిన గురువారం మీ క్రీడా పేజీ అడుగున నాలుగు వాక్యాల వార్త ఒకటి వేశారు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఒక కుర్ర క్వార్టర్‌బ్యాక్‌ను, అంటే బంతి విసిరి ఆట నడిపేవాణ్ని, అతని జట్టు వదిలించుకుందని, ఇంకో జట్టు తక్కువ డబ్బుకు తీసుకుందని దాని సారాంశం. వార్తతో నాకు పేచీ లేదు. దాని నెత్తిన పెట్టిన ‘ఎక్కడికెళ్లినా అంతే!’ అన్న శీర్షికతోనే పేచీ. ఆ కుర్రాడు తెలుగు చదవడు, మీ పేపరు చూడడు, నిజమే. కానీ మీ పేపరు మా గుంటూరు చుట్టుపక్కల చాలా హైస్కూళ్ల స్టాఫ్ రూముల్లోకి వస్తుంది. డ్రిల్లు మాస్టార్లు ముందు తిప్పేది ఆ పేజీనే. నేనూ 33 ఏళ్లు అలాగే తిప్పాను. అందుకే కొంచెం పొడుగైనా ఈ ఉత్తరం రాస్తున్నాను.

1986 నుంచి 2019 దాకా గుంటూరు జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూళ్లలో పీఈటీగా చేశాను. నా ఆట వాలీబాల్. మరి ఈ క్వార్టర్‌బ్యాక్ గొడవ నీకెందుకయ్యా అనొచ్చు. మా అమ్మాయి వాళ్లు సియాటిల్ దగ్గర బోథెల్‌లో ఉంటారు. పోయిన ఆగస్టులో వెళ్లి, ఆర్నెల్లు ఉండి, ఈ జనవరి నెలాఖరులో తిరిగొచ్చాను. అక్కడ ఆదివారం వచ్చిందంటే ఎటు చూసినా సీహాక్స్ జట్టు చొక్కాలే. మా మనవడికి పదకొండేళ్లు. మ్యాచ్ మొదలైతే వాడి చేతిలో ముద్ద చేతిలోనే ఎండిపోతుంది. మొదటి రెండు మ్యాచ్‌లు నాకు ఒట్టి తోపులాటలా కనిపించాయి. మూడోదానికి సంగతి తలకెక్కింది. ఇది మన లిఫ్టర్ పనే.

వాలీబాల్ ఆడినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు, మిగతావాళ్ల కోసం చెప్తాను. స్మాషర్ కొడితే చప్పట్లు పడతాయి. అతనికి బంతి లేపి ఇచ్చేది లిఫ్టర్. ఆ లిఫ్టర్‌కి బంతి అందేది వెనకాల నిలబడి సర్వీసు తీసేవాళ్ల నుంచి. వాళ్లు నెట్టు దగ్గరికి మెత్తగా పంపితే మామూలు లిఫ్టర్ కూడా మొనగాడిలా కనిపిస్తాడు. అడ్డదిడ్డంగా పంపితే ఎంత మంచి లిఫ్టరైనా పరిగెత్తి, మోకాళ్ల మీద పడి, ఏదో ఒకటి చేస్తాడు. బంతి రెండుసార్లు తగిలిందని రిఫరీ డబుల్ అని విజిల్ వేస్తాడు. గ్రౌండు చుట్టూ ఉన్నవాళ్లకు తప్పు చేసినవాడు ఆ ఒక్కడే కనిపిస్తాడు. క్వార్టర్‌బ్యాక్‌దీ అదే బతుకు. అతని ముందు ఐదుగురు గోడకట్టి నిలబడతారు. ఆ గోడ మూడు సెకన్లు ఆగితే చాలు, ఎవడు ఖాళీగా ఉన్నాడో చూసుకుని విసురుతాడు. గోడ కూలితే నూట ఇరవై, నూట ముప్పై కిలోల మనుషులు వచ్చి మీద పడతారు. ఆ కంగారులో వదిలిన బంతి అవతలివాడి చేతిలో పడితే దాన్ని ఇంటర్‌సెప్షన్ అంటారు. అది అతని లెక్కలోనే రాస్తారు. గోడ లెక్కలో రాయరు.

సియాటిల్ క్వార్టర్‌బ్యాక్ సామ్ డార్నాల్డ్ గురించి మా మనవడు నాకు ముక్కముక్కలుగా చెప్పాడు. 2018 డ్రాఫ్ట్‌లో, అంటే ఏటా జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే చోట, మూడో స్థానంలో అతన్ని న్యూయార్క్ జెట్స్ తీసుకుంది. వచ్చిన మొదటి సీజన్ నుంచే, 21 ఏళ్లకే జట్టు మొత్తాన్ని చేతిలో పెట్టారు. ఎన్‌ఎఫ్‌ఎల్ అనే ఆ లీగ్‌లో అతను విసిరిన మొట్టమొదటి బంతినే అవతలివాడు పట్టుకుపోయి టచ్‌డౌన్ చేశాడు, అంటే చివరి గీత దాటించి ఆరు పాయింట్లు కొట్టాడు. అయినా ఆ మ్యాచ్ జెట్స్ 48-17తో గెలిచింది. తర్వాత మాత్రం అన్నీ దెబ్బలే. మూడేళ్లలో ఇద్దరు హెడ్ కోచ్‌లు. 2020లో పదహారు మ్యాచ్‌లకు జట్టు గెలిచింది రెండు. అంతకుముందు, 2019 అక్టోబరులో, న్యూ ఇంగ్లాండ్ పేట్రియట్స్ చేతిలో 33-0తో ఓడిన రాత్రి నాలుగు ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు. ఆ రోజు టీవీవాళ్లు అతని ఒంటికి మైకు పెట్టారు. పక్కకొచ్చి కూర్చుని ‘నాకు దయ్యాలు కనిపిస్తున్నాయి’ అన్నాడు. దేశమంతా వింది. ఏళ్ల తరబడి అదే మాట పట్టుకుని ఆడిపోసుకున్నారు.

మా మనవడు ఆ వీడియో నాకు నవ్వుతూనే చూపించాడు. నాకు నవ్వు రాలేదు. హెల్మెట్ తీసేసి, చెమట తుడుచుకోకుండా ఎదురుగా చూస్తూ కూర్చున్న ఆ ముఖం నేను ముందే చూశాను. అమెరికాలో కాదు, 1994లో, బాపట్ల వైపు ఒక ఊరి స్కూలు గ్రౌండులో.

తొమ్మిదో తరగతి పిల్లాడు. సన్నగా ఉండేవాడు, చేతివేళ్లు పొడుగు. బంతి పట్టుకుంటే అరటిపువ్వు పట్టుకున్నట్టు పట్టుకునేవాడు. వాణ్ని నేనే లిఫ్టర్‌ని చేశాను. అక్కడిదాకా సరిగ్గానే చేశాను. కానీ ఆ ఏడు పొడుగు పిల్లలు నలుగురు దొరికారని సంబరపడిపోయి, నలుగురినీ టీములో పెట్టేశాను. కొట్టడం వాళ్లకు వచ్చు, వంగి సర్వీసు తీయడం ఒక్కడికీ రాదు. పాస్ ఒకటి తాడిచెట్టంత ఎత్తు లేచేది, ఇంకోటి గ్రౌండు దాటి చెరువుగట్టు వైపు పోయేది. వాటి వెనక పరిగెత్తేది ఆ పిల్లాడు. నేను గీత పక్కన నిలబడి ‘నెట్టు దగ్గరికి ఇవ్వరా! నెట్టు దగ్గరికి!’ అని అరిచేవాణ్ని. ప్రతి బంతికీ అరిచాను. కొన్నాళ్లకు వాడు బంతి రాకముందే ఒకసారి నా వైపు చూడటం మొదలుపెట్టాడు. రెప్పపాటే. లిఫ్టర్‌కి ఆ రెప్పపాటు చాలా ఎక్కువ. నేనది చూశాను, చూసి అర్థం చేసుకోలేదు. జోన్ పోటీల్లో రెండో గేమ్‌లో వాణ్ని తీసేసి బంతుల సంచీ పక్కన కూర్చోబెట్టాను. ‘వీడికి గుండె లేదు’ అని పిల్లలందరి ముందూ అన్నాను. ఆ ముక్క నా నోటి నుంచే వచ్చింది.

ఆ ఎండాకాలం వాళ్ల నాన్న గుంటూరు మిర్చి యార్డులో హమాలీ పనికి వచ్చేశాడు. పిల్లాణ్ని ఇక్కడే ఒక స్కూల్లో చేర్చారు. మరుసటి ఏడు బీఆర్ స్టేడియంలో పోటీలు. మాకు ఎదురు పడింది వాళ్ల జట్టే. 15-6, 15-4. గంట కూడా పట్టలేదు మమ్మల్ని ఓడించడానికి. వెనకాల ఇద్దరు పొట్టి పిల్లలు ఉన్నారు. వాళ్లు స్మాష్ కొట్టరు, ఏం చేయరు, సర్వీసు తీసి మెత్తగా పంపడమే పని. మా వాడు, అంటే ఒకప్పటి మా వాడు, నెట్టు దగ్గర నిలబడి కళ్లు మూసుకున్నా లేపగలిగేలా ఉన్నాయి ఆ పాస్‌లు. రెండు గేమ్‌లలో వాడు ఒక్కసారి కూడా వాళ్ల మాస్టారి వైపు చూడలేదు.

సాయంత్రం టీ కొట్టు దగ్గర ఆ మాస్టారిని అడిగాను, ఏం చేశారని. నాకంటే పెద్దాయన. ‘ఏం చేయలేదయ్యా, మూడు నెలలు మ్యాచ్‌లో దించలేదు. పొద్దునా సాయంత్రం గోడకి కొట్టుకోమన్నా. పిల్లాడు బెదిరిపోయి వచ్చాడు, ముందు ఆ బెదురు పోవాలి కదా’ అన్నారు. అంతే చెప్పి టీ తాగి వెళ్లిపోయారు.

ఆ పిల్లాడికి ఇప్పుడు నలభై ఆరు, నలభై ఏడేళ్లు ఉంటాయి. యార్డులో ఒక కమిషన్ కొట్లో గుమాస్తా. నేను రిటైరైన ఏడాది మిరపకాయల కోసం వెళ్తే తనే గుర్తుపట్టి పలకరించాడు. టిక్కీల, అంటే మిర్చి బస్తాల మధ్య నిలబడి, ఆ ఘాటుకి ఇద్దరం దగ్గుతూ మాట్లాడుకున్నాం. ఆ రోజు అన్న మాట తప్పని చెప్పాను. పాతికేళ్లు ఆలస్యంగా చెప్పాను. తను నొచ్చుకున్నట్టు కూడా కనిపించలేదు. ‘మీరు అరిచారని కాదు మాస్టారూ. మీరు అరవకముందే నాకు మీ అరుపు వినపడేది’ అన్నాడు. డార్నాల్డ్ దయ్యాల మాట వినగానే నాకు గుర్తొచ్చింది ఇదే. వాడికి వినపడేది, ఇతనికి కనపడేది. రెండూ ఒకటే జబ్బు.

జెట్స్ 2021లో డార్నాల్డ్‌ని కరోలినా పాంథర్స్‌కి ఇచ్చేసింది. అక్కడా కుదరలేదు. తర్వాతి ఏడాది ఆ జట్టు బేకర్ మేఫీల్డ్‌ని తెచ్చుకుంది. ఈయన 2018 డ్రాఫ్ట్‌లో అందరికంటే ముందు ఎంపికైనవాడు, క్లీవ్‌లాండ్ వద్దనుకున్నవాడు. ఆ ఏటి మొదటి స్థానమూ మూడో స్థానమూ ఒకే జట్టులో ఒకే కుర్చీ కోసం పోటీపడ్డాయన్న మాట. మీ శీర్షిక అప్పుడు పెట్టి ఉంటే ఇద్దరికీ సరిపోయేది. కరోలినా మేఫీల్డ్‌ని డిసెంబరులో వదిలేసింది. మరునాడే లాస్ ఏంజెలెస్ రామ్స్ తీసుకుంది. జట్టులో చేరిన రెండు రోజులకే గ్రౌండులోకి దిగి, చివరి రెండు నిమిషాల్లో 98 గజాలు నడిపించి 17-16తో గెలిపించాడు. 2024లో టాంపా బే తరఫున 41 టచ్‌డౌన్ పాస్‌లు వేశాడు.

డార్నాల్డ్ దారి వేరు. 2023లో శాన్ ఫ్రాన్సిస్కోకి వెళ్లి ఇంకొకరి వెనక రెండో వాడిగా కూర్చున్నాడు. ఆ సీజన్ మొత్తంలో మొదటి నుంచి ఆడింది ఒకే ఒక్క మ్యాచ్. పేపర్లలో ఆ ఏడాది అతని పేరే లేదట. నా లెక్కలో అతన్ని నిలబెట్టింది ఆ ఏడాదే. గోడకి బంతి కొట్టుకున్న మూడు నెలల్లాంటిది. మంచి జట్టులో, మంచి కోచ్ దగ్గర, ఎవరూ అరవని చోట కూర్చుని, ఆట ఎలా ఆడాలో మళ్లీ చూసుకున్నాడు. మూడో స్థానంలో ఎంపికైనవాడు ఇంకొకడి వెనక కూర్చోవడానికి ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. ఇక్కడ టెన్త్ పిల్లాణ్ని రిజర్వులో పెడితేనే తండ్రి స్కూటరేసుకుని స్కూలుకొచ్చి నిలదీస్తాడు.

2024లో మినెసోటా వైకింగ్స్‌కి వెళ్లాడు. అక్కడ ఆడాల్సిన కొత్త కుర్రాడికి సీజన్ మొదలవకముందే మోకాలు దెబ్బతింది, ఆ చోటు ఇతనికి దక్కింది. అదృష్టం లేదని నేను అనను. కానీ అదృష్టం తలుపు వరకే తెస్తుంది. పదిహేడు మ్యాచ్‌ల్లో పద్నాలుగు గెలిపించాడు, 35 టచ్‌డౌన్ పాస్‌లు వేశాడు. ఆ జట్టు కోచ్ కెవిన్ ఓకానెల్ అంటుంటారట, కుర్ర క్వార్టర్‌బ్యాక్‌లు జట్లను ముంచడం కంటే ముందు జట్లే వాళ్లను ముంచుతాయని. మా అల్లుడు ఆ మాట చదివి వినిపిస్తే రెండోసారి చదవమన్నాను. అయినా ప్లేఆఫ్‌లో రామ్స్ చేతిలో తొమ్మిది సార్లు నేలకూలి 27-9తో ఓడేసరికి పాత పాటే మళ్లీ మొదలైంది. పెద్ద మ్యాచ్ వస్తే చేతులెత్తేస్తాడన్నారు. వైకింగ్స్ కూడా వదిలేసింది. 2025లో సియాటిల్ తీసుకుంది.

అక్కణ్నుంచి నేను కళ్లారా చూశాను. నవంబరులో అదే రామ్స్ మీద మళ్లీ నాలుగు ఇంటర్‌సెప్షన్లు. 21-19తో ఓటమి. మా అల్లుడు టీవీ ఆపేసి ‘వీడింతే’ అన్నాడు. మనవడు చొక్కా విప్పి సోఫా వెనక పారేశాడు. నేను మాత్రం మ్యాచ్ అయ్యాక కోచ్ మైక్ మెక్‌డొనాల్డ్ ఏమంటాడా అని చూశాను. ఆయన డార్నాల్డ్‌ని వెనకేసుకొచ్చాడు, తర్వాతి మ్యాచ్‌కి అతన్నే దించాడు. 1994లో నేను చేయనిది అది. డిసెంబరులో అదే రామ్స్ మీద పదహారు పాయింట్లు వెనకబడి, అదనపు సమయంలో 38-37తో గెలిచారు. జనవరిలో అదే జట్టు మీద, లీగ్ ఫైనలైన సూపర్ బౌల్‌కి వెళ్లే మ్యాచ్‌లో, మూడు టచ్‌డౌన్ పాస్‌లు వేశాడు. సోఫా వెనక చొక్కా అప్పటికి మళ్లీ వాడి ఒంటి మీదికి వచ్చేసింది.

సూపర్ బౌల్ రోజుకి నేను ఇంటికొచ్చేశాను. ఫిబ్రవరి 9, సోమవారం, మనకు తెల్లవారుజామున ఐదింటికి మొదలైంది. బ్రాడీపేటలో ఇంకా చీకటే. మనవడు వీడియో కాల్ చేసి ఫోన్ టీవీ వైపు తిప్పి నిలబెట్టాడు. బొమ్మ ఆగి ఆగి వచ్చేది, వాడి కేకలు మాత్రం ముందే వినపడేవి. ఎదుటి జట్టు ఎవరనుకున్నారు? పేట్రియట్స్. దయ్యాలు కనిపించిన రాత్రి ఆడిన జట్టే. ఆడిన చోటు శాంటా క్లారా, డార్నాల్డ్ బెంచీ మీద కూర్చున్న ఏడాది ఉన్న శాన్ ఫ్రాన్సిస్కో జట్టు సొంత గ్రౌండు. సియాటిల్ 29-13తో గెలిచింది. సంగం పాల ప్యాకెట్లు వచ్చి గేటుకి వేలాడుతూ ఎంతసేపు ఉన్నాయో నాకు తెలియదు. మా ఆవిడ లేచి తెచ్చుకుంది.

జట్టు మారిన ప్రతివాడూ బాగుపడతాడని నేను చెప్పడం లేదు. అదే 2018లో పదో స్థానంలో ఎంపికైన జోష్ రోజెన్ ఎన్ని జట్లు తిరిగినా నిలదొక్కుకోలేదు. 2021లో రెండో స్థానంలో జెట్స్ తీసుకున్న జాక్ విల్సన్ డెన్వర్ వెళ్లాడు, మయామీ వెళ్లాడు, దశ తిరగలేదు. సియాటిల్‌లో రాజులా వెలిగిన రస్సెల్ విల్సన్ డెన్వర్‌కి మారాకే మసకబారాడు. చోటు మారితే మంచే జరుగుతుందన్న పూచీ లేదు. కానీ చోటుకి లెక్కే లేదనడం అన్యాయం.

దీనికి జీనో స్మిత్ కంటే పెద్ద సాక్ష్యం నాకు దొరకలేదు. ఈయన్నీ జెట్సే వద్దనుకుంది. 2015లో సొంత జట్టువాడే కొట్టడంతో దవడ విరిగింది. ఆ తర్వాత ఏడేళ్లు దాదాపు బెంచీ మీదే. 2022లో సియాటిల్ అతనికి జట్టు అప్పగిస్తే 30 టచ్‌డౌన్ పాస్‌లు వేసి, కెరీర్‌ని తిరిగి నిలబెట్టుకున్న ఆటగాడికిచ్చే అవార్డు తెచ్చుకున్నాడు. 2025లో లాస్ వేగాస్ రైడర్స్‌కి వెళ్లాడు. 17 ఇంటర్‌సెప్షన్లు, జట్టుకి పదిహేడు మ్యాచ్‌ల్లో మూడే విజయాలు. మనిషి అదే, చెయ్యీ అదే.

పాత రోజుల్లో జిమ్ ప్లంకెట్ అని ఒకాయన ఉండేవాడు. తల్లిదండ్రులిద్దరికీ చూపు లేదు. 1971 డ్రాఫ్ట్‌లో మొదటివాడు. రెండు జట్లు వదిలేశాయి. రైడర్స్‌లో దాదాపు రెండేళ్లు ఖాళీగా కూర్చుని, 1980లో ఆడేవాడి కాలు విరిగితే దిగాడు. 33 ఏళ్ల వయసులో సూపర్ బౌల్ గెలిచి, అందులో ఉత్తమ ఆటగాడయ్యాడు. మూడేళ్ల తర్వాత ఇంకోటి గెలిచాడు.

అంత దూరం ఎందుకు, మన గుంటూరులో పుట్టిన అంబటి రాయుడు ఉన్నాడు. 2004లో అండర్-19 ప్రపంచకప్‌లో ఇండియా కెప్టెన్. వన్డేల్లో ఆడటానికి 2013 దాకా ఆగాల్సి వచ్చింది. ముంబై ఇండియన్స్‌కి ఎనిమిది సీజన్లు ఆడాక 2018లో చెన్నైకి మారి, 32 ఏళ్ల వయసులో 602 పరుగులు చేశాడు. ఆ ఏడాది మీ పేజీలోనే అతని ఫొటో పెద్దగా వేశారు. కత్తిరించి స్కూల్లో బోర్డుకి అతికించింది నేనే.

ఇప్పుడు మీ వార్తలోని కుర్రాడి సంగతి. వెళ్లిన జట్టులో అతను నెగ్గుకొస్తాడో లేదో నాలుగు విషయాలు చూసి చెప్పొచ్చు. ముందున్న ఐదుగురు ఎలాంటివాళ్లు, కోచ్ ఆ కుర్చీలో ఇంకెన్నాళ్లుంటాడు, కుర్రాణ్ని మొదటి వారమే దించేస్తారా, కొన్నాళ్లు ఆగనిస్తారా. నాలుగోది కుర్రాడి చేతిలో ఉంది, ఆగమంటే ఆగగలడా అన్నది. వీటిలో ఒక్కటీ మీ నాలుగు వాక్యాల్లో లేదు. ఎన్ని ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడో మాత్రం లెక్కతో సహా ఉంది.

మీ పేజీలో జాగా తక్కువని తెలుసు. ఒక్కటి అడుగుతాను. కొత్త జట్టుకి అతను మొదటి మ్యాచ్ ఆడిన రోజు, గెలిచినా ఓడినా, అదే చోట నాలుగు ముక్కలు వేయండి. ఎన్ని బంతులు పోగొట్టాడో తప్పకుండా రాయండి. ఆ పక్కనే, గోడ దాటి వచ్చి అతన్ని ఎన్నిసార్లు పడగొట్టారో అదీ రాయండి.

ఇట్లు,
విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
బ్రాడీపేట, గుంటూరు